ఆఖరి బెంచీ టీచరమ్మ

కుప్పం నుంచి అక్క ఫోను చేసి, "టీచరమ్మ పోయిందంటమ్మే" అనింది. పుంగనూరులో, వాళ్ళన్న కూతురింట్లో, నిద్రలోనే పోయిందంట. తర్వాత అక్క, "నిద్రలోనే పోయిందని ఎవురు చెప్పినారో, ఎవురు సూసినారో" అని తనే నవ్వింది. ఆ మాట అక్కది కాదు, టీచరమ్మది. ఎవరి చావు కబురు విన్నా ఆమె మొదట అడిగేది అదే.

మా చర్చి మదనపల్లె ఊరి చివర, పుంగనూరు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. దొరల కాలంలో కట్టిన రాతిగోడలు, పైన పెంకులు, ముంగిట్లో గంట. నా చిన్నప్పుడు గోడ అవతలంతా చెనిక్కాయల చేన్లు. తర్వాత టమోటా తోటలయినాయి, ఆ తర్వాత తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లయినాయి. నిమ్మనపల్లె వైపు నుంచీ, చౌడేపల్లె వైపు నుంచీ మా తాతల కాలంలో కూలికి వచ్చిన కుటుంబాలే మా సంఘమంతా. వాళ్ళ పిల్లలు ఆస్పత్రిలో ఆయాలయినారు, ఆ పిల్లల పిల్లలు నర్సులూ టీచర్లూ అయినారు. అందరి సంగతులూ అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా అందరికీ తెలుసు.

టీచరమ్మ ఆఖరి బెంచీలో, తలుపు పక్కన కూర్చునేది. పుంగనూరు బడిలో చానా ఏండ్లు పనిచేసి రిటైరయిన మనిషి. ముందు వరసలో కూర్చోమని పెద్దలు ఎన్నోసార్లు పిలిచినారు. "ముందు కూర్చుంటే అయ్యగారు ఒక్కడే కనపడతాడు. ఈడైతే అందరూ కనపడతారు" అనేది. అయ్యగారంటే మా పాస్టరు. పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది గానీ దాంట్లోకి చూసేది కాదు, పాటలన్నీ నోటికొచ్చు. కళ్ళు మాత్రం తలల మీద తిరగతా ఉండేవి. ఎవరు ఆలస్యంగా వచ్చినారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోలేదు, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారానికి ఎవరు లేచి పోలేదు, అన్నీ చూసేది. అయ్యగారు ప్రార్థన చేసేటప్పుడు కూడా ఆమె కళ్ళు తెరిచే ఉంటాయని మా పిలకాయలకందరికీ తెలుసు. మేమూ తెరిచి చూసేవాళ్ళం కదా.

కొత్త మనిషి ఎవరు చర్చికొచ్చినా ఆమె నోట వచ్చే మొదటి మాట, "యాలొచ్చినాడంట?" ఎందుకొచ్చినాడని. దేవుణ్ణి మొక్కను వచ్చినాడంటే ఒప్పుకునేది కాదు. "మొక్కేకైతే వాళ్ళ ఊర్లో చర్చి లేదా?" అనేది. బాగా నవ్వతా మాట్లాడే వాళ్ళంటే మరీ అనుమానం. ఒకసారి ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చి, తాను చచ్చిపోయి మళ్ళీ లేచినానని సాక్ష్యం చెప్పినాడు. చర్చంతా హల్లెలూయ అంటా ఉంది. ఆయన దిగి వస్తా ఉంటే టీచరమ్మ తలుపు దగ్గర నిలబెట్టి, "ఏ ఆస్పత్రిలోప్పా? సచ్చినావని చెప్పిన డాక్టరు ఎవురు?" అని అడిగింది. ఆయన పైకి వేలు చూపించి ఏదో అనబోయినాడు. "ఆయన సంగతి నాకు తెల్సు. డాక్టరు సంగతి చెప్పు" అనింది. ఆ ప్రసంగీకుడు మళ్ళీ మా వైపు రాలేదు.

కోత పండగ వస్తే ఆమెను చూడాలి. ఎవరి చేన్లో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందర పెడతారు. ఆరాధన అయినాక అవే వేలం వేస్తారు. టీచరమ్మ గుమ్మడికాయను తిరగేసి, వేలితో కొట్టి, చెవి పెట్టి వినేది. కోడిని ఎత్తి చూసి, "దీనికేందో జబ్బుండాది, లేకపోతే వీడు దేవునికి ఇయ్యడు" అనేది. ఇచ్చిన మనిషి పక్కనే నిలబడి ఉండేవాడు.

ఆమె అనుమానాలన్నీ వట్టివని అనను. కొన్ని నిజమయ్యేవి. కొన్ని మనుషులను గాయం చేసేవి. ఒక అయ్యగారి భార్య ఎప్పుడూ బైబిలు పాఠం చదివేకి ముందుకొచ్చేది కాదు. "ఆయమ్మకు చదువు రాదు, చదువుకున్నట్టు చెప్పి చేసుకున్నారు" అని టీచరమ్మ అనేసింది. ఆ మాట తిరిగి తిరిగి ఆయమ్మ దగ్గరికే పోయింది. తీరా చూస్తే ఆయమ్మకు నత్తి. నలుగురి ముందర నోరు తిరగదని భయం. రెండు వారాలు ఆయమ్మ చర్చికి రాలేదు. ఆడోళ్ళంతా టీచరమ్మను దులిపినారు. ఆమె క్షమించమని అడగలేదు. అయితే ఆ తర్వాత ఆయమ్మ వంతు వచ్చిన ప్రతి ఆదివారమూ టీచరమ్మే లేచి పోయి పాఠం చదివేది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

అట్లాంటి మనిషి నోట్లో మా అక్క పెండ్లి పడింది.

అక్క అప్పుడు ఆస్పత్రిలో నర్సు. తొంభైల చివర. కుప్పం దగ్గర గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేసే ఒకాయన చెయ్యి నలిగి ఆ వార్డుకొచ్చినాడు. చెయ్యి బాగయి పోయినాక కూడా ఆయన ఆదివారం ఆదివారం బస్సెక్కి మా చర్చికి రావడం మొదలుపెట్టినాడు. తనకెవరూ లేరనీ, అమ్మా నాయనా చిన్నప్పుడే పోయినారనీ, హాస్టల్లో పెరిగి బాప్తిస్మం తీసుకున్నాననీ చెప్పినాడు. గొంతు బాగుండేది. తొందర్లోనే పాటల బృందంలో కలిపేసుకున్నారు. మా నాయనకు బాగా నచ్చినాడు. "అత్త పోరుండదు, ఆడబిడ్డ పోరుండదు" అని అందరికీ చెప్పుకున్నాడు.

టీచరమ్మ మామూలుగానే, "యాలొస్తాండాడంట?" అనింది.

"మా అక్క కోసం వస్తాండాడు" అన్నాను నేను. కాలేజీలో చదువుతా ఉన్నాను, నోరెక్కువ.

"అది తెల్సులే. అదొకటే అని నీకెట్ల తెల్సు?" అనింది.

మా చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు అయ్యగారు ప్రకటన చదవాల. ఫలానా వారికీ ఫలానా వారికీ పెండ్లి నిశ్చయమైంది, ఎవరికైనా న్యాయమైన అడ్డంకి తెలిసి ఉంటే చెప్పవలెను అని. నేను పుట్టినప్పటి నుంచి వింటానే ఉన్నాను. చదివినాక అయ్యగారు రవంతసేపు ఆగుతాడు. ఆ రవంతసేపూ జనం దగ్గుకుంటారు, కొంగులు సర్దుకుంటారు. ఎవరూ లేవరు.

అక్క పెండ్లికి రెండో ప్రకటన చదివి అయ్యగారు ఆగినాడు. వెనకనుంచి బెంచీ కిర్రుమనింది.

"నాకుండాది" అనింది టీచరమ్మ.

చర్చంతా వెనక్కి తిరిగింది. అక్క మాత్రం తిరగలేదు. ఆమె మెడ ఎర్రగా అయిపోవడం నేను పక్కనుంచి చూసినాను. కుప్పం ఆయన పాటల బృందంలో నిలబడుకొని ఉన్నాడు. చేతిలో పుస్తకం మూసినాడు.

"ఏం తెలుసమ్మా మీకు?" అన్నాడు అయ్యగారు.

"తెల్సింది లేదు. అనుమానముండాది."

"అనుమానం అడ్డంకి కాదమ్మా."

"అయితే వారం ఆగండి. తెల్సుకోని వస్తా."

మా నాయన లేచి అరిచినాడు. చర్చిలో అంత గట్టిగా మాట్లాడింది ఆ రోజే విన్నాను. టీచరమ్మ కూర్చునింది. ఆరాధన అయిపోయినాక నేను పరిగెత్తి పోయి ఆమెను గేటు దగ్గర పట్టుకున్నాను. ఎందుకట్లా చేసినావని అడిగితే ఆమె చెప్పింది ఇది. మొన్న కోత పండగలో స్త్రీల సమాజం వాళ్ళు పెట్టిన అంగట్లో ఆయన ఒక చీర కొన్నాడు. ముతక నేత చీర, మట్టిరంగు. మా అక్కకు కాదంట, అట్లాంటిది ఆ పిల్ల కట్టదంట. "ఎవురూ లేనోడికి ఆడమనిషి చీర యాలమ్మే?" అనింది. "యాడో పెండ్లాముండాది. పల్లెటూరి పిల్ల. దాన్నొదిలేసి దీన్ని చేసుకుంటాండాడు."

ఒక్క చీర మీద ఇంత కథ అల్లిందని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నాయన ముసలిదానికి పిచ్చి ముదిరిందని తిడతానే ఉన్నాడు. అక్క గదిలోనుంచి రాలేదు. అమ్మ ఒక్కతే బియ్యంలో రాళ్ళు ఏరతా కూర్చునింది. నాయన బయటికి పోయినాక నన్ను పిలిచింది.

"నువ్వామెతో కుప్పం పో. తోడుగా" అనింది.

"ఆమెతోనా?" అన్నాను.

"ఆమె పెండ్లికీ ఇట్లే మూడు వారాలు చదివినారు. నేనప్పుడు నీకంటే చిన్నదాన్ని, పాటల బృందంలో పాడతా ఉంటి. ఆ పెండ్లికొడుకు బంగారు గనుల్లో పనిచేసేవాడు. ఆడ వానికి పెండ్లామూ బిడ్డా ఉండారని మన చర్చిలో నలుగురైదుగురికి తెల్సు. మా నాయనకు తెల్సు. ఇంట్లో మా అమ్మతో చెప్తా ఉంటే నేనిన్నా. మనకెందుకులే, పేదింటి పిల్లకు కుదిరిందే గొప్ప అనుకున్నారు. మూడు ఆదివారాలూ ఎవురూ లెయ్యలే." అమ్మ చాట పక్కన పెట్టింది. "ఏడాది కూడా కాపురం చెయ్యలేదు. వాడు వదిలేసి పోయినాడు. ఆమె టీచరు ట్రైనింగుకు పోయింది."

ఆ మాట విన్నాక కూడా నాకు టీచరమ్మ మీద కోపం పూర్తిగా పోలేదు. కానీ పోయినాను.

పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బస్సులో ఆమె కండక్టరు ఇచ్చిన టికెట్టును రెండు పక్కలా తిప్పి చూసింది. పక్కసీటు ఆయన ఇచ్చిన అరటిపండు తీసుకోని, తినకుండా, ఆయన దిగిపోయినాక కిటికీలోంచి పారేసింది. కుప్పం చర్చిలో అడిగితే ఆయన వస్తా ఉంటాడని చెప్పినారు గానీ ఇంటి సంగతి తెలీదన్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ అంగడాయన, "ఆ సూపర్వైజరా? వాళ్ళది శాంతిపురం పక్కన పల్లె కదా. వాళ్ళమ్మ క్వారీ కాడ జల్లిరాళ్ళు కొడతా ఉంటాది" అన్నాడు.

"అమ్మా?" అన్నాను నేను.

టీచరమ్మ గ్లాసులో టీ సగం వదిలేసి లేచింది.

శాంతిపురంలో దిగి ఆటోలో ఆ క్వారీ దగ్గరికి పోయినాము. దుమ్ములో, తాటాకు తడిక నీడన, ఒక ముసలామె కూర్చోని సుత్తితో రాళ్ళు పగలగొడతా ఉంది. తలకు గుడ్డ చుట్టుకోని ఉంది. ఒంటి మీద మట్టిరంగు నేత చీర. ఆ చీరకు ఎర్రదారంతో కుట్టిన చిన్న చిన్న ఆకుల అంచు. స్త్రీల సమాజంలో అంచులు కుట్టేది టీచరమ్మే. ఆమె చూపు ఆ అంచు మీద పడడం, అక్కడే ఆగిపోవడం నేను చూసినాను.

మేము ఎవరమో చెప్పినాము. మదనపల్లె చర్చి అనే మాట వినగానే ఆమె సుత్తి ఆగింది.

"నాకు కొడుకు లేడు తల్లీ" అనింది. "ఎవురో తప్పు జెప్పినారు మీకు."

"కుప్పంలో సూపర్వైజరుగా చేస్తాండాడే, ఆయప్ప నీ కొడుకని చెప్పిరే" అన్నాను.

"ఆయప్ప ఎవురో నాకు తెలీదమ్మా. మంచోడంట. అందరూ చెప్తారు. వాళ్ళమ్మ ఎప్పుడో సచ్చిపాయనంట." చెప్తా చెప్తా ఆమె కొంగు లాక్కోని ఆ అంచును తొడ కిందికి మడుచుకునింది. కళ్ళలో నీళ్ళు లేవు. మా ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తా ఉంది, మేం నమ్మినామా లేదా అని.

జన్మంతా ఎవరి మాటా నమ్మని టీచరమ్మ ఇప్పుడు ఏమంటుందో అని ఆమె వైపు చూసినాను. ఒక్క మాట చాలు. ఆ చీర ఎక్కడిదని అడిగితే చాలు.

"సరేమ్మా" అనింది టీచరమ్మ. "పొరపాటున వచ్చినాము. ఎండలో నీ పని చెరిపినాం."

లేచి నాలుగడుగులు వేసింది. మళ్ళీ తిరిగింది.

"ఆ సూపర్వైజరు తల్లి యాడన్నా నీకు కనపడితే చెప్పమ్మా. పిల్ల మంచిది. నేను పలక పట్టించిన పిల్ల. దిగులు పడొద్దని చెప్పు."

ముసలామె సుత్తి ఎత్తింది. రాయి మీద వేసింది. రాయి పగల్లేదు. మళ్ళీ ఎత్తలేక ఆ రాయి మీదనే చెయ్యి పెట్టుకోని, తల వంచుకోని ఉండిపోయింది.

బస్సులో టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చునింది. పలమనేరు దాటినాక, "నేననుకున్నది తప్పు. పెండ్లాము కాదు" అనింది. ఇంకొంతసేపటికి, "ఇంకా పెద్దదే చేసినాడు" అనింది.

ఊరు చేరినాక అక్కను చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. "వానికి పెండ్లాం లేదు. అమ్ముండాది. బతికుండే అమ్మను సంపినాడు. ఇంక నీ ఇష్టం. నేనైతే ఎవురికీ చెప్పను" అనింది.

అక్క ఏడవలేదు. శుక్రవారం ఆయన వస్తే ఆస్పత్రి వరండాలో నిలబెట్టి ఒకటే అడిగింది. "మీయమ్మ ఎప్పుడు పోయింది?"

ఆయన తల ఎత్తలేదంట. వార్డులో చేరిన రోజు ఎవరొస్తారని నువ్వడిగితే, ఎవరూ లేరని ఊరికే ఒక మాటన్నాను అన్నాడంట. అమ్మ బీడీ తాగతాది, రాళ్ళు కొడతాది, నర్సమ్మలు చూస్తే నవ్వుతారని. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయినాడు. అమ్మకు చెప్తే ఆమే, "నేను లేననే చెప్పుకోరా" అనిందంట.

"మీయమ్మ వచ్చి చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటేనే పెండ్లి" అనింది అక్క. "కూర్చోకపోతే నాకూ ఎవురూ లేరనుకుంటా."

మూడో ప్రకటన నాడు చర్చి కిటకిటలాడింది. ఎప్పుడూ రాని వాళ్ళు కూడా వచ్చినారు. అయ్యగారు చదివి, ఆగి, ఆఖరి బెంచీ వైపు చూసినాడు. జనమంతా చూసినారు.

టీచరమ్మ లేచింది. "అడ్డంకేమీ లేదు. నేననుకున్నది తప్పు" అని కూర్చునింది.

ముందు వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వినారు. మా నాయన గర్వంగా మీసం దువ్వుకున్నాడు. చానా వారాలు ఆమెను చూసి నవ్వినారు. ఆమె నోరు విప్పలేదు.

పెండ్లినాడు ఆ తల్లి వచ్చింది. తలకు నూనె రాసుకోని, కొత్త చీర కట్టుకోని, మెట్ల దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మని కొడుకు చెయ్యి పట్టుకున్నా కదల్లేదు. జనం గుసగుసలు పెట్టుకుంటా ఉన్నారు. ఈమె ఎవరు, చచ్చిపోయిందన్నారే అని. నాయన మొహం నల్లబడింది. అప్పుడు టీచరమ్మ లేచి బయటికి పోయింది.

"రా లోపలికి" అనింది.

"మీ పద్దతులు నాకు తెలీవమ్మా. యాడ లెయ్యాలో, యాడ కూర్చోవాలో."

"నేను లేస్తే లెయ్యి. నేను కూర్చుంటే కూర్చో. మిగతావాళ్ళకు మాత్రం ఏం తెల్సని, పక్కోళ్ళను చూసి లేస్తాండారు."

అట్లా జన్మలో మొదటిసారి టీచరమ్మ ముందు బెంచీలో కూర్చునింది, ఆమెను పక్కన పెట్టుకోని. మధ్యమధ్యలో మాత్రం వెనక్కి తిరిగి చూస్తానే ఉంది, తన చోట్లో ఎవరు కూర్చున్నారో అని.

అక్క కాపురం కుప్పంలో. అత్త వాళ్ళతోనే ఉంది. మా బావ నాలుగైదేండ్లు టీచరమ్మతో మాట్లాడలేదు. తప్పు దొరికిపోయినోడికి దొరకబట్టిన మనిషి మీద ఉండే కోపం. నాకు పుంగనూరు బడిలో ఉద్యోగం వచ్చింది. టీచరమ్మ కూడా చూపు తగ్గి, వంట చేసుకోలేక, అక్కడే అన్న కూతురింటికి చేరింది. అప్పుడప్పుడు సాయంత్రం బడి వదిలినాక పోయేదాన్ని.

ఆఖరిసారి పోయినప్పుడు బాగా చిక్కిపోయి ఉంది. అన్న కూతురు నా ముందర కాఫీ పెట్టి, ఆమెకూ ఒక లోటా ఇచ్చి లోపలికి పోయింది. టీచరమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "దీంట్లో నిద్రమాత్ర కలపతాండారు. నువ్వు ముందు తాగు" అనింది. ఆమె లోటాలోనుంచి సగం తాగినాను. నా మొహంలో మొహం పెట్టి కొంతసేపు చూసింది. తర్వాత మిగతా సగం ఆమె తాగింది.

"మీ అక్క బాగుండాదా?"

"బాగుండాది. అత్తా కోడండ్లు రోజూ కొట్లాడతారు. రోజూ కలిసే తింటారు."

"వాడు?"

"బావ ఇద్దరికీ భయపడతాడు."

ఆమె పెదాలు కదిలినాయి. నవ్వినట్టుంది. మంచం పట్టె మీద వేలితో రాస్తా ఉండి, ఉన్నట్టుండి, "ఆ పొద్దు నిన్ను నాతో పంపింది మీయమ్మే కదా?" అనింది.

"అవును."

"నా పెండ్లి సంగతి చెప్పింటాది."

నేను తల ఊపినాను.

"మూడో ప్రకటన చదివినప్పుడు నేను తల దించుకోనుండా. పెండ్లికూతురు అట్ల ఉండాల కదా. అయ్యగారు ఆగినాడు. మీయమ్మ నాయన, మీ తాత, ముందు బెంచీ చివర్న కూర్చోనుండె. నాకాయప్ప కాళ్ళు మాత్రం కనపడతాండాయి. ఒక కాలు వెనక్కి తీసినాడు, లేసేవాడు తీసినట్టు. బెంచీ మీద చెయ్యి ఆనిచ్చినాడు. ఏమన్నా మరిచిపోయినాడేమో, బయటికి పోతాడేమో అనుకుంటి. నాకేం తెల్సు. మళ్ళా కాలు ముందుకు పెట్టుకున్నాడు. అంతే. యాల లెయ్యబోయినాడో తర్వాత తెల్సింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె పట్టుకోనిచ్చింది. లోపల అన్న కూతురు గిన్నెలు కడుగుతా ఉంది.

"మంచోడే మీ తాత" అనింది. "రవంత ఉంటే లేసేవాడే."

అని, కిటికీలోంచి వెలుతురు చూసి నా చెయ్యి వదిలేసింది. "ఇంక పో. చీకటి పడకముందే బస్సెక్కు. ఊరికే నవ్వతా వచ్చి పలకరించినోళ్ళతో మాట్లాడొద్దు."